మంచుసీమలో కాపురము

రోహిణికార్తె యెండలకు రోళ్లు పగులుచున్న యీ దినములలో, స్టేషన్ ఘన్‌పూర్ నందలి మా యింటి వసారాలో తడిపిన చాపపై గూర్చుండి నేను చలిని గూర్చి వ్రాయబూనుట చూచి సోదరీమణులు నవ్వుకొందురేమో. మా వారును నవ్విరి. "ఊరంతయు చల్లని మజ్జిగకై వెదకుచుండగా నీకు గొంగళి మాట యేల?" యనిరి. కాని చలిని గూర్చి యోచింపవలసిన కాలము చలికాలము కాదు. దప్పిగొన్న పిమ్మట గడ్డపాఱ వెదకువాడు బావి త్రవ్వజాలడు గదా. అమెరికాలోని మా చెల్లెలు వచ్చు శ్రావణమున ఊరు మారవలెనా వలదా యని తేల్చుకొనవలసి యున్నది. ఆ యూరు మారుట మా యమ్మ ప్రయాణముతోను, పుట్టబోవు బిడ్డ పోషణముతోను ముడివడి యున్నది. ఆ ముడి విప్పుకొనుటకై గడచిన కొన్ని వారములుగా మేము ఫోనులో మాటలాడుకొన్న సంగతులే యీ వ్యాసము. మా చిన్న యూరిలోనే పలు గృహములకు అమెరికాతో చుట్టరిక మేర్పడినది. కావున ఇవి ఒక్క మా యింటి సంగతులు కావని తలచి వ్రాయుచున్నాను.

మా చెల్లెలు మినెసోటా రాష్ట్రమున మినియాపోలిసు నగరమున ఏడేండ్లుగా కాపురము చేయుచున్నది. మరిదిగారు వరంగల్లున ఇంజనీరింగు చదివి ఆ దేశము పోయి, అచ్చటనే యుద్యోగమున స్థిరపడిరి. మూడేండ్ల క్రిందట దాని తొలికాన్పునకు మా యమ్మ కార్తికమున బయలుదేరి పోయి, ఫాల్గుణము వఱకు నుండి వచ్చినది. వచ్చిన నాడు చూచితిని, ఆమె సగమైనది. దేహము చిక్కుట యొక్కటియే కాదు, మాట తగ్గినది. నలుగురు వచ్చి అచ్చటి వింతలడిగినను ఊరకొన్నది. మరునాడు వేకువను వీధి యరుగుపై గూర్చుండి, కాజీపేట వైపు పోవు బండి కూత విని, "ఈ చప్పుడు విని నాలుగు నెలలైనదమ్మా" అని కొంగుతో కన్నులొత్తుకొన్నది.

ఇప్పుడు చెల్లెలికి మరల నెల తప్పినది. పుష్యమాసమున కాన్పగునని అచ్చటి వైద్యురాలు చెప్పినదట. అమ్మ రావలెనని అది కోరుచున్నది. రాలేనని చెప్పుటకు అమ్మకు నోరాడదు. వచ్చెదనని చెప్పుటకు ధైర్యము చాలదు. ఈ నడుమ మరిదిగారికి మిస్సోరీ రాష్ట్రమునందలి కొలంబియా యను పట్టణమున మఱియొక యుద్యోగము కుదిరినది. జీతము మాత్రము కొంత తక్కువ. "అక్కా, ఆ యూరు మాకు దక్షిణమున నున్నది, చలి తక్కువ యందురు. జీతము తగ్గినను పోవుదుమా? ఆ యూరైనచో అమ్మ వచ్చునా?" యని చెల్లెలి ప్రశ్న.

ఇచ్చట నొక సంగతి చెప్పవలసి యున్నది. సందర్శకులుగా పోవు తల్లిదండ్రులకు ఆ దేశమువారు సామాన్యముగా ఒక్క పర్యాయమునకు ఆఱు మాసములకు మించి గడు వియ్యరు. కావున ఏ యాఱు మాసములు ఎన్నుకొందుమనునది పెద్ద ప్రశ్న. మనుమలను చూచి, ఊళ్లు తిరిగి వచ్చుటకు పోవువారు చైత్రమున పోయి ఆశ్వయుజమున మరలి రావచ్చును. పురుటికి పోవు తల్లికి ఆ యెన్నిక లేదు. బిడ్డ యెప్పుడు పుట్టునో అప్పుడే యామె పోవలెను. ఋతువును మార్చలేము కనుక, ఊరినైన మార్చుకొనవచ్చునా యని విచారింపవలసి వచ్చినది.

అడుగవలసిన మాట

అల్లసాని పెద్దనగారి మనుచరిత్రము చదివిన సోదరీమణులకు ప్రవరుని కథ క్రొత్త గాదు. సిద్ధు డిచ్చిన పసరు పాదములకు పూసికొని, క్షణములో హిమాలయము చేరిన యా గృహస్థు అచ్చటి వింతలన్నియు కన్నులార జూచెను. కాని మంచునీటికి ఆ పసరు కరగిపోవునను మాట ముం దడిగి తెలిసికొనలేదు. ఇల్లు చేరు దారి లేక యాతడు పడిన యగచాట్ల నుండియే తక్కిన కథ యంతయు పుట్టినది. చిన్ననాడు మా నాయనగారు నాకు ఆ ఘట్టము చెప్పుచు, "అమ్మా, ఏ యూరికి పోయినను అచ్చటి వింతలు చెప్పువారు పలువు రుందురు. కాలికి పూసిన పసరు నిలుచునో నిలువదో చెప్పువాడు ఒక్కడైన నుండడు. అది మనమే యడుగవలెను" అనెడివారు.

నేనును ఒకప్పుడు అడుగక పోయినదాననే. పెండ్లియైన క్రొత్తలో మా వారు ఆదిలాబాదు అడవిప్రాంతమున ఒక పాఠశాలలో పని చేసిరి. తెలంగాణమున చలికి పేరు వడసిన సీమ యది. పుష్యమాసపు రాత్రులలో ఐదాఱు డిగ్రీల వఱకు దిగును. కొన్ని యేండ్లు అంతకంటెను తగ్గును. మా ఘన్‌పూర్ వైపు పండ్రెండు పదుమూడు డిగ్రీలకే దుప్పట్లు వెదకుకొను వారము. పెద్దబిడ్డకు అప్పటికి ఐదవ నెల. ఒక రాత్రి చలికి తాళలేక తలుపులు, కిటికీలు బిగించి, సందులలో గుడ్డలు క్రుక్కి, కుంపటిలో బొగ్గులు రాజవేసి మంచము ప్రక్కను పెట్టుకొని నిద్రించితిమి. నడిరేయి బిడ్డ మూల్గు విని లేవబోతిని. తల పగిలిపోవుచున్నది, కాళ్లు నిలువలేదు. మా వారు ప్రాకుచు పోయి తలుపు తెఱచిరి. ఆ చల్లగాలియే మమ్ము బ్రతికించినది. బొగ్గు కాలునప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అను వాయువు పుట్టుననియు, దానికి వాసన గాని రంగు గాని లేదనియు, మూసిన గదిలో అది నిద్రలోనే ప్రాణము తీయుననియు పిదప నొక వైద్యుడు చెప్పగా వింటిని. చలి మమ్ము చంపలేదు. చలికి మేము చేసికొన్న యుపాయమే చంపబోయినది. చలిసీమకు పోవువారెవ్వరు నన్నడిగినను నేను చెప్పు తొలి మాట యిది.

లెక్కలు చెప్పునవి, చెప్పనివి

మరిదిగారు లెక్కల మనిషి. 1991 మొదలు 2020 వఱకు ముప్పదియేండ్ల సగటులు తీసి పంపిరి. మా యూరు ఇంచుమించు 18వ అక్షాంశమున నున్నది. కొలంబియా 39వ దానియందును, మినియాపోలిసు 45వ దానియందును ఉన్నవి. జనవరి మాసమున మినియాపోలిసులో పగటి వేడిమి సగటున సున్నకు దిగువ 5 డిగ్రీలు; రాత్రి సున్నకు దిగువ 13. కొలంబియాలో పగలు సున్నకు పైన సుమారు 4 డిగ్రీలు. రాత్రి సున్నకు దిగువ 6. మినియాపోలిసున ఏడాదికి పడు మంచు సుమారు 130 సెంటీమీటర్లు. కొలంబియాలో అందు ఇంచుమించు మూడవ వంతు.

మొదట చూచినప్పుడు, "పగటివేళ తొమ్మిది డిగ్రీల భేదమే గదా, దీనికై జీతము వదలుకొందురా?" యనుకొంటిని. పిమ్మట తోచినది. ఆ తొమ్మిది డిగ్రీల నడుమ సున్న యున్నది. నీరు గడ్డకట్టు లోకమునకును, కరగు లోకమునకును నడుమ గడప ఆ సున్నయే. ఒక యూరిలో మార్గశిరమున పడిన మంచు ఫాల్గుణము వఱకు వాకిట నుండును; రెండవ దానిలో పడిన మంచు కొన్ని దినములకే కరగి నేల కనబడును. శివరాత్రికి చలి శివశివా యని పోవునని మన మందుము. మినియాపోలిసున శివరాత్రినాటికి ఇంకను మంచు గుట్టలుగా నుండును. ఉగాది పచ్చడి తినిన పిదపను మంచు కురిసిన యేండ్లు కలవు. కావున చలిని తూచునప్పుడు అది యెంత లోతునకు దిగుననుట కంటె, ఎన్ని నాళ్లు మన గడపలో గూర్చుండుననుట ముందు చూడవలెను.

సగటును మాత్రమే నమ్మినను మోసపోదుము. ఉత్తరధ్రువము వైపునుండి వీచు గాలికి మనకు హిమవంతుడు అడ్డుగోడయై నిలిచినాడు. అమెరికా నడిభాగమున అట్టి యడ్డుగోడ లేదు. ధ్రువపు గాలి మైదానముల వెంట దక్షిణమునకు జాఱి వచ్చును. 2019 జనవరి 30వ తేదీన మినియాపోలిసులో సున్నకు దిగువ 33 డిగ్రీలు నమోదైనవి. అదే దినమున చికాగోలో 31. ఆ మినెసోటా రాష్ట్రముననే 1996 ఫిబ్రవరి 2వ తేదీన టవర్ అను నూరి చెంత సున్నకు దిగువ 51 డిగ్రీలు పడినవి. ఇక మిస్సోరీ వెచ్చని దేశమని యూరడిల్లుదుమా? 2021 ఫిబ్రవరిలో ఆ రాష్ట్రమును సున్నకు దిగువ 18 డిగ్రీలకంటె క్రిందికి దిగినది. 2011 ఫిబ్రవరి మొదట కొలంబియా ప్రాంతమున ఒక్క తుపానులో ఇంచుమించు అడుగున్నర మందమున మంచు పడినది. మెత్తని యూరనగా చలి రాని యూరు కాదు. వచ్చిన చలి త్వరగా సెలవు పుచ్చుకొను ఊరని మాత్రమే యర్థము.

గాలియు, జాఱుడు నేలయు

గాలి సంగతి వేఱుగా చూడవలెను. గాలి మన దేహము చుట్టు నుండు వెచ్చదనమును ఊడ్చుకొని పోవును. సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో గంటకు 24 కిలోమీటర్ల గాలి వీచినచో, ఒంటికి అది సున్నకు దిగువ 28 డిగ్రీల వలె తగులుననియు, కప్పని చర్మము అరగంటలో గడ్డకట్టి చచ్చిపడుననియు అచ్చటి వాతావరణశాఖవారి లెక్క. ముక్కుకొన, చెవులు, చేతివ్రేళ్లు మొదట పోవును. అమ్మ చీర విడువనన్నది. విడువనక్కఱలేదని చెల్లెలు కనుగొన్నది. లోన ఉన్ని లాగు, పైన చీర, ఆపై మోకాళ్లు దాటిన యంగీ, కాళ్లకు ఉన్ని మేజోళ్లు, మడమ పైకి వచ్చు బూట్లు. ఒంటికి తగులునది నూలు బట్ట కారాదు. నూలు చెమటను పట్టుకొని చల్లబడును. ఒక్క మందపు దుప్పటికంటె మూడు పలుచని పొరలు మేలు. పొరల నడుమ చిక్కిన గాలియే వెచ్చదన మిచ్చునది. చీర కుచ్చెళ్లు మాత్రము మంచులో తడిసి కఱ్ఱవలె బిగియునట. వానిని బూట్లలోనికి దోపుకొనుట అమ్మ స్వయముగా కనిపెట్టిన విద్య.

ఇక నేల. ఇది మాకెవ్వరికి ముందు తోచనిది. మినియాపోలిసులో నడిచలికాలపు మంచు తఱచు పొడిగా పడి, పొడిగానే యుండును. దానిపై కాలు నిలుచును. కొలంబియావంటి మెత్తని యూరిలో పగలు కరగి రాత్రి మరల గడ్డకట్టును. కరగిన నీరు తెల్లవాఱునప్పటికి అద్దమగును. మఱి కొన్నాళ్లు వాననీరే చినుకుగా పడి, నేల తాకినంతనే గడ్డయగును. చెట్టుకొమ్మలు, కరెంటు తీగలు ఆ బరువునకు విఱిగి పడును. 2007 జనవరిలో మిస్సోరీ నైరృతి భాగమున స్ప్రింగ్‌ఫీల్డు చుట్టుప్రక్కల అట్టి మంచువాన కురిసి, పలు గృహములు దినముల తరబడి దీపము లేక, వేడిమి లేక యుండెను. డెబ్బది యేండ్లకు చేరువైన మన తల్లికి చలికంటె ఈ యద్దపు నేల యెక్కువ యపాయము. ఆ వయస్సున తుంటియెముక విఱిగినచో లేచి నడచుట యెంత కష్టమో మన యిండ్లలో చూచుచునే యున్నాము. పైగా సందర్శకులుగా పోయినవారికి అచ్చటి ప్రభుత్వ వైద్యసాహాయ్యము లేదు. బయలుదేరుటకు ముందే భీమా కొనుక్కొనవలెను. కావున చెల్లెలికి నేను వ్రాసితిని: ఇంటిమెట్లు తక్కువగా నుండవలెను, మెట్లకు చేపట్టు కమ్మి యుండవలెను, కారుశాల నుండి నేరుగా ఇంటిలోనికి దారి యుండవలెను, చల్లుటకు ఉప్పును ఇసుకయు వాకిట సిద్ధముగా నుండవలెను. మిక్కిలి చలిలో ఉప్పునకు మంచును కరగించు శక్తి తగ్గును. అప్పుడు ఇసుకయే గతి. బూట్లకు తగిలించుకొను ముండ్లపట్టీలు అంగళ్లలో దొరకునట. అవి యమ్మకు రెండు జతలు.

ప్రొద్దు

పుష్యమాసమున పూసలు గ్రుచ్చునంత ప్రొద్దైన నుండదని మన ముసలమ్మల మాట. అయినను మనకు దక్షిణాయనాంతమున, అనగా డిసెంబరు మూడవ వారమునను, పదునొకండు గంటల పగలుండును. కొలంబియాలో ఆ దినమున పగలు తొమ్మిదిన్నర గంటలకు కొంచెము తక్కువ. మినియాపోలిసులో ఎనిమిది గంటల ముప్పావు. ఉదయము ఎనిమిది కావచ్చినప్పుడు సూర్యోదయము, నాలుగున్నరకే దీపము. ఆ కొంచెపు టెండయు ఏటవాలుగా వచ్చును గనుక, ఒంటికి తగిలినను మేనిలో డి విటమిను పుట్టుట దాదాపు లేదు. చామనచాయ దేహమునకు తెల్లవారికంటె ఎక్కువ యెండ కావలెను. అమ్మకు ఆ మాఘమున ఎముకల నొప్పులు వచ్చినప్పుడు ముసలితన మనుకొంటిమి. తిరిగి వచ్చిన పిమ్మట రక్తపరీక్ష చేయింపగా ఆ విటమిను మిక్కిలి తక్కువగా నుండెను. బయలుదేరుటకు ముందే వైద్యుని అడిగి మాత్రలు తీసికొనవలె నని ఇప్పుడు తెలిసినది. వెలుగు లేనిచోట మనస్సు క్రుంగుటయు కలదు; దానిని సోమరితన మని గాని చాదస్త మని గాని కొట్టివేయరాదు. తూర్పు కిటికీ గల గది పెద్దవారికీయుట పెద్ద ఖర్చు కాదు.

ఇల్లును వంటయిల్లును

మెత్తని యూరిలో ఇల్లు వెచ్చగా నుండునని మన మనుకొందుము. ఇది ప్రతిదినము నిజము కాదు. మిక్కిలి చలి గల యూళ్లలో గోడల నడుమ మందమైన దూది వంటి పొర వేసి, కిటికీలకు రెండు మూడు అద్దములు పెట్టి కట్టుదురు. కొంత మెత్తని యూళ్లలో పాత ఇండ్లకు ఆ జాగ్రత్త తక్కువగా నుండవచ్చును. కావున ఇల్లు చూడబోవునప్పుడు గోడల రంగు చూచుట కాదు. గత జనవరి మాసపు గ్యాసు బిల్లు ఎంతయైనదో చూపు డని యడుగవలెను. ఆ కాగితము అబద్ధ మాడదు. నీటిగొట్టములు వెలిగోడలోనుండి పోవుచున్నవా యని చూడవలెను. చలి ముదిరినప్పుడు అవి గడ్డకట్టి పగులును. అట్టి రాత్రులలో కొళాయిని సన్నధారగా వదలి, గిన్నెలు కడుగు తొట్టి క్రింది తలుపులు తెఱచి యుంచుట అచ్చటి గృహిణుల వాడుక.

ప్రతి అంతస్తులోను కార్బన్ మోనాక్సైడ్ ఉన్నదని అఱచి చెప్పు చిన్న యంత్రము అమర్చియున్నదో లేదో చూడవలెను. బాలింతకును బిడ్డకును సాంబ్రాణి ధూపము వేయుటకై బొగ్గుల కుంపటి ఇంటిలో పెట్టరాదు. నా యనుభవము పైన చెప్పితిని. మూసిన కారుశాలలో కారు నడిపి యుంచుటయు, పొగగొట్టమునకు మంచు అడ్డుపడియుండగా కారులో గూర్చుండుటయు అంతే యపాయము. తల నొప్పి, వాంతి, కండ్లు తిరుగుట ఇంటిల్లిపాదికి ఒకేసారి వచ్చినచో అది జలుబు కాదు. వెంటనే వెలికి పోవలెను.

బిడ్డ విషయమున మఱియొకటి. కారులో బిడ్డను గూర్చుండబెట్టు పీఠమున మందమైన కోటు తొడిగి పట్టీలు బిగింపరాదు. పట్టీకిని మేనికిని నడుమ ఆ కోటు అణగి, పట్టీ వదులై, ప్రమాదమున బిడ్డ జాఱిపోవును. పలుచని బట్టలతో పట్టీలు బిగించి, పైన దుప్పటి కప్పవలెను. ఉయ్యాలలో మాత్రము విడి దుప్పట్లు, దిండ్లు పెట్టరాదు. ఇవి అమ్మ విని ఆశ్చర్యపడినది. మన పద్ధతి వేఱు గదా.

వాగ్భటుని అష్టాంగహృదయమున ఋతుచర్యాధ్యాయమున, హేమంతమున జఠరాగ్ని బలముగా నుండుననియు, అభ్యంగనము, జిడ్డు గల యాహారము, వెచ్చని గృహము హితమనియు చెప్పబడి యున్నది. ఆ దేశమున నిది మఱింత నిజము. ఇల్లు వెచ్చజేయు యంత్రము గాలిలోని తేమను దాదాపు లేకుండ చేయును. చర్మము పగులును, ముక్కు నుండి నెత్తురు వచ్చును. నువ్వులనూనె అంటుకొని స్నానము చేయుటకు అమ్మ యెవరి యనుమతి యడుగలేదు. పెరుగు తోడుకొనక నాలుగు దినములు విసిగి, పిదప పొయ్యిక్రింది పెట్టెలో దీపము మాత్రము వెలిగించి గిన్నె పెట్టగా తోడుకొన్నదట. దోసెల పిండికిని అదే చోటు. తులసిని మాత్రము ఏ యూరికి పోయినను కాపాడుకొనవలెను. మంచు తగిలిన ఒక్క రాత్రికి నల్లబడి పోవును. ఆశ్వయుజముననే కుండీ లోపలి కిటికీ చెంతకు తేవలెను. కరివేపాకునకును అంతే.

వేసవిని మఱవరాదు

చలిని తప్పించుకొనుటకు పోవువారు ఆ యూరి తక్కిన ఋతువుల నడుగుట మఱతురు. మిస్సోరీలో వేసవి మన వేసవి వలెనే యుక్కపోతగా నుండును. అది మనకు భయము గాదు. చైత్ర వైశాఖములలో సుడిగాలులు లేచును. ఆ రాష్ట్రమున జాప్లిన్ అను పట్టణమున 2011 మే 22వ తేదీన వచ్చిన సుడిగాలికి నూటయేబదికి మించిన జనులు మృతి నొందిరి. అందుచేత నేలక్రింది గది గల యిల్లు చూడవలెననియు, హెచ్చరిక కూత విన్నంతనే అందులోనికి దిగుట అమ్మకు ముందుగా నేర్పవలెననియు వ్రాసితిని. దోషము లేని యూరు లేదు. మనము భరింపగల దోష మేదో తేల్చుకొనవలెను.

మన పెద్దలు భూమి కొనబోవువారు బావిని వైశాఖమున చూచెడివారు. నిండిన బావిని చూచి మోసపోని వాడే కాపు. ఊరు మార్చుకొనువారును ఆకులు ఎఱ్ఱబాఱిన యందమైన అక్టోబరులో ఆ యూరు చూడరాదు; జనవరి ఫిబ్రవరులలో చూడవలెను. మరిదిగారు ఉద్యోగపు మాటలకై పోయినది గడచిన ఫిబ్రవరిలోనే యగుట దైవానుగ్రహము. కాలిబాటలపై మంచును ఎవరు తీయుదురో, ఎన్ని గంటలకు తీయుదురో, వృద్ధులు వీధిలో కనబడిరా లేదా యని చూచి రమ్మని నేను ముందే చెప్పి యుంటిని. ఆయన చూచి వచ్చిరి. వృద్ధులు కనబడిరి. ఆ యూర ఎం.కె.టి. బాట యను నడకదారి యొకటి కలదట. పూర్వము మిస్సోరీ కాన్సాసు టెక్సాసు రైలుమార్గపు శాఖ యచ్చట నుండెను. పట్టాలు తీసివేసి, సుమారు 14 కిలోమీటర్ల పొడవున జనులు నడచుటకు మార్చిరి.

అమ్మ మాట

ఇన్ని లెక్కలు మేము తీయుచుండగా అమ్మ నొక్కనాడైన అడిగినవారము కాము. మొన్న సాయంకాలము మల్లెలు కట్టుచుండగా నేనే యడిగితిని: "అమ్మా, సున్నకు దిగువ ఆఱు డిగ్రీలైనచో ఓర్చుకొందువా?"

అమ్మ నవ్వినది. "నాకు డిగ్రీ లేమి తెలియునే? అచ్చట ఇంటిలో మన మాఘమంత చలియైన లేదు, చెమట పట్టెడిది. నేను చలికి వెఱచితినని మీ రెందుకనుకొన్నారో నాకు తెలియదు. పగలు అల్లుడు పనికి పోవును. పిల్ల నిద్రించును, పసిదియు నిద్రించును. నేను కిటికీ దగ్గర నిలుచుండి చూచెదను. వీధిలో కుక్క యైన నుండదు. తలుపు తీసి పోదమన్న ఎక్కడికి పోదును? నాలుగు నెలలలో గడప దాటినది వ్రేళ్లపై లెక్కింపవచ్చును. ఆ యింటికి గడపయే లేదు. నేను ఓర్వలేనిది చలి కాదు, ఎవరితోను మాట లేకపోవుట" యన్నది.

నేను చేతిలోని దారము విడిచి యూరకుంటిని. ఏడాదికి ఎన్ని సెంటీమీటర్ల మంచు పడునో లెక్కించితిమి గాని, అందు ఎన్ని దినములు ఒక ముసలామె తలుపు తీసికొని పొరుగింటికి నడచి పోగలదో లెక్కింపలేదు. చలిని తూచు తూనిక అదియే కదా. బిడ్డలు చలిని ఉద్యోగముతో తూతురు. తల్లి దానిని గడపతో తూచును.

ఆ రాత్రియే చెల్లెలితో చెప్పితిని. అది కొంతసేపు మాటలాడలేదు. "అక్కా, అమ్మ ఎప్పుడును నాతో ఈ మాట అనలేదు" అన్నది. "నీవు బాలింతవు, నీతో నెట్లనును?" అంటిని. పిదప భార్యాభర్తలు మరల లెక్క వేసికొనిరి. ఈ సారి లెక్క వేఱు. జీతము తగ్గినను పోవుటకు నిశ్చయించిరి. ఊరి చివర పెద్ద యిల్లు చూచియుండిరి. అది వదలుకొని, తెలుగువారి కుటుంబములు రెండు నడచి పోవు దూరమున నున్న వీధిలో చిన్న యిల్లు అద్దెకు తీసికొనుచున్నారు. అందొక యింట మెదకు సీమనుండి వచ్చిన అత్తగా రొకరు కోడలి చెంత నున్నారట. తూర్పు కిటికీ గల గది అమ్మది. శ్రావణమున మారి, చలి వచ్చులోపల ఇల్లు సర్దుకొందురు. కార్తికమున అమ్మ బయలుదేరును.

అమ్మ ఒక్క షరతు పెట్టినది. తిరుగు ప్రయాణపు టికెట్టు ముందే కొని, ఆ తేదీ తన చేత వ్రాయించి గోడకు అంటింపవలెనట. "పోవుటకు నాకు భయము లేదు, వచ్చు దినము తెలిసినచో ఎంత చలినైన ఓర్చుకొందును" అన్నది. ప్రవరునకు లేకపోయిన యా బుద్ధి మా యమ్మకు కలిగినందుకు మా నాయనగారుండిన సంతసించి యుందురు.

ఇంతలో దక్షిణపు మబ్బు లేచినది. ఈ వ్యాసము ముగించి, ఆరవేసిన వడియములు లోపలికి తేవలెను. సోదరీమణులారా, మీ బిడ్డలు ఊరు మార్చుకొందు మని చెప్పినప్పుడు డిగ్రీలు తప్పక యడుగుడు. గాలి, మంచుగడ్డ, ప్రొద్దు, ఇల్లు అన్నియు అడుగుడు. ఆ పిమ్మట, ఆ యింటికి పోవు పెద్దవారిని ప్రక్కను గూర్చుండబెట్టుకొని, "క్రిందటిసారి నీకేమి కష్టమైనది?" అని నోరార అడుగుడు. మేము మూడేండ్లు అడుగలేదు.